మాస్ట్ మీద మనిషి ఉన్నాడు

మాస్ట్ అంటే ఓడ మీద నిలువుగా ఉండే ఎత్తైన స్తంభం; రాడార్, రేడియో యాంటెన్నాలు, లైట్లు దాని మీదే ఉంటాయి. ఓడ మీద అలాంటి ఎత్తులో చేసే పనుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలివి. నౌకాదళంలో 22 ఏళ్లు డెక్ మీద పనిచేసి, చివరి 9 ఏళ్లు బోసన్‌గా, అంటే డెక్ పనివాళ్లకి పెద్దగా ఉండి రిటైరైన మా శీర్షిక రచయిత జవాబులు ఇస్తున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి నేవీలో చేరి ఇంకా ఏడాది కాలేదు. మొన్న ఫోన్లో మాటల మధ్యలో "ఇవాళ మాస్ట్ ఎక్కి రంగు వేశానమ్మా" అన్నాడు. అప్పట్నుంచి కంటి మీద కునుకు లేదు. అంత ఎత్తున పిల్లవాడు పడిపోకుండా ఎవరైనా చూస్తారా? — ఒక తల్లి

చూస్తారమ్మా. అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు కాబట్టి చాలామంది చూడాలి, చూస్తారు కూడా.

ముందు ఒక సంగతి చెప్తాను, మీ టెన్షన్ కొంత తగ్గుతుంది. రంగు వేయడం లాంటి పనులు సాధారణంగా ఓడ రేవులో కట్టేసి ఉన్నప్పుడే పెట్టుకుంటారు. సముద్రంలో నడుస్తుండగా మనిషిని మాస్ట్ ఎక్కించాలంటే అది ఆపడానికి వీల్లేని పని అయ్యుండాలి, కెప్టెన్ అనుమతి ఉండాలి. అప్పుడు కూడా గాలిని, ఓడ ఊపుని చూసుకుంటారు. అమెరికా నౌకాదళం నియమాల్లో దీనికి లెక్కలున్నాయి. గాలి 30 నాట్లు దాటినా, అంటే గంటకు 55 కిలోమీటర్లు, ఓడ పక్కలకు 10 డిగ్రీలో ముందువెనకలకు 6 డిగ్రీలో మించి ఊగుతున్నా, ఉరుములు మెరుపులు వచ్చేలా ఉన్నా ఎక్కకూడదు. 10 డిగ్రీల ఊపు డెక్ మీద నడిచేవాడికి అలవాటైపోతుంది. 25 మీటర్ల ఎత్తున ఉన్నవాణ్ణి మాత్రం అదే ఊపు అటు 4 మీటర్లు, ఇటు 4 మీటర్లు విసురుతుంది. అందుకే ఆ గీత అంత తక్కువలో గీశారు.

ఇక మీవాడి ఒంటి మీద ఏముంటుందంటారా? భుజాలు, ఛాతీ, తొడలు అన్నిటినీ పట్టుకునే హార్నెస్ ఉంటుంది. చాలా ఓడల్లో మాస్ట్ నిచ్చెన పక్కనే ఒక ఇనుప పట్టా పైదాకా ఉంటుంది. దాని మీద జారే చిన్న క్లాంపుకి హార్నెస్‌ని తగిలిస్తారు. మెల్లగా ఎక్కుతుంటే అది వెంట వస్తుంది, ఒక్కసారి కిందికి లాగితే బిగుసుకుపోతుంది. నిచ్చెన దిగి పక్కకు జరగాల్సి వస్తే రెండు కొక్కేల తాడు వాడతారు. ఒక కొక్కెం తగిలించాకే రెండోది తీయాలి. పైన ఉన్నంతసేపూ ఏ క్షణంలోనూ రెండూ ఊడి ఉండకూడదు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు "జాగ్రత్త నాయనా" అని వదిలేయకండి. "నువ్వు పైనున్నప్పుడు కింద నిన్ను చూస్తూ నిలబడింది ఎవర్రా?" అని అడగండి. పేరు టక్కున చెప్పాడంటే ఆ ఓడలో పని పద్ధతిగా జరుగుతున్నట్టే. తడుముకున్నాడంటే, తన పైవాణ్ణి ఈ మాట అడగమని చెప్పండి.

ప్రశ్న: మాస్ట్ మీద ఒక లైటు బల్బు మార్చాలి. పది నిమిషాల పని. దానికోసం అనుమతి చీటీ పట్టుకుని రాడార్ గదికి, రేడియో గదికి, ఇంజిన్ రూముకి, బ్రిడ్జికి (ఓడ నడిపే గదికి) తిరిగి సంతకాలు చేయించుకునేసరికి పూటంతా గడిచిపోతోంది. రాడార్ ఎలాగూ స్టాండ్‌బైలోనే ఉంటుంది కదా. ఇంత తతంగం నిజంగా అవసరమా? — ఒక యువ సెయిలర్

అవసరం తమ్ముడూ. నీ ప్రశ్న నాకు బాగా తెలుసు, సర్వీసులో ఏడో ఏడు వచ్చేదాకా నేనూ ఇదే అడిగాను.

ఆ ఏడు ఒకరోజు మాస్ట్ మీద అడ్డకమ్మి దగ్గర కూర్చుని కప్పీకి గ్రీజు పెడుతున్నాను. నా చీటీలో రాడార్ గది సంతకం ఉంది. సంతకం చేసినాయన స్విచ్ ఆపాడు. దాని మీద "ఆన్ చేయొద్దు" అని చెప్పే ఎర్ర ట్యాగ్ మాత్రం కట్టలేదు, "పది నిమిషాలే కదా" అనుకున్నాడు. ఈలోగా వాచ్, అంటే డ్యూటీ షిఫ్టు, మారింది. కొత్తగా వచ్చిన కుర్రాడికి స్విచ్ ఆపి ఉండటం కనిపించింది గానీ ఎందుకు ఆపారో కనిపించలేదు. సెట్ వేడెక్కాలని ఆన్ చేశాడు. నా ఎడమ వైపున అప్పటిదాకా కొయ్యలా పడి ఉన్న యాంటెన్నా మూలిగి తిరగడం మొదలుపెట్టింది. మొదటి చుట్టులో దాని అంచు నా హెల్మెట్‌ని రాసుకుంటూ పోయింది. రెండో చుట్టు వచ్చేలోపు మాస్ట్‌కి కరుచుకుని పడుకున్నాను.

దారి చూపే రాడార్ యాంటెన్నా నిమిషానికి దాదాపు 24 చుట్లు తిరుగుతుంది. అంటే రెండున్నర సెకన్లకు ఒక చుట్టు. 2 మీటర్ల పొడవున్న యాంటెన్నా అయితే దాని కొస సెకనుకి రెండున్నర మీటర్ల వేగంతో వస్తుంది. దూరం నుంచి చూస్తే నిదానంగా తిరుగుతున్నట్టే ఉంటుంది. పక్కన కూర్చున్నవాణ్ణి మాత్రం తోసి పారేస్తుంది. ఇక స్టాండ్‌బై అన్నావు కదా, స్టాండ్‌బై అంటే ఒక్క బటన్ దూరం. ఆ బటన్ నీకు కనపడని గదిలో, నువ్వు పైనున్నావని తెలియనివాడి వేలి కింద ఉంటుంది.

తిరగడం ఒక ప్రమాదమైతే తరంగాలు ఇంకో ప్రమాదం. 1945లో పెర్సీ స్పెన్సర్ అనే అమెరికన్ ఇంజినీరు రాడార్‌లో తరంగాలు పుట్టించే మాగ్నెట్రాన్ పక్కన నిలబడితే జేబులో చాక్లెట్ కరిగిపోయిందట. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ అక్కణ్ణుంచే పుట్టింది. అదే జాతి తరంగాలు యుద్ధనౌక రాడార్ నుంచి ఎన్నో రెట్ల శక్తితో, ఒక దిక్కుకి గురిపెట్టి వస్తాయి. నిప్పు తాకితే చర్మం వెంటనే చెప్తుంది. ఈ వేడి చర్మం దాటి లోపల పుడుతుంది కాబట్టి ఒంటికి తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు. కంటి కటకంలో రక్తం ప్రవహించదు, అందుకే అక్కడ చేరిన వేడి త్వరగా పోదు. కళ్ల గురించి అంత భయపడేది అందుకే.

దూరానికి మాట్లాడే రేడియో సంగతి వేరు. పొడవాటి కడ్డీ యాంటెన్నాలు పనిచేస్తుంటే చుట్టుపక్కల ఉన్న ఇనుప తాళ్లలో, నిచ్చెన మెట్లలో, రెయిలింగ్‌లో కూడా విద్యుత్తు పుడుతుంది. వాటికి ఏ తీగా కలిపి ఉండదు, చూస్తే మామూలు ఇనుమే. చెయ్యి వేయగానే వేలి కొసన చురుక్కుమని కాలుతుంది. ఆ కాలడం చిన్నదే. కాలగానే మనిషి ఆలోచించకుండా చెయ్యి వెనక్కి లాక్కుంటాడు చూడు, ప్రాణం తీసేది అది. నిచ్చెన పట్టుకున్న చెయ్యి వదిలేస్తాడు.

ఇంజిన్ రూము సంతకం దేనికంటావా? పొగగొట్టం మాస్ట్‌కి ఎంత దగ్గరో చూడు. గాలి వాటం మారితే ఆ వేడి పొగ నేరుగా నీ ముఖానికి కొడుతుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. బ్రిడ్జి సంతకం హారన్ కోసం కూడా. చెవి పక్కన ఓడ హారన్ మోగితే ఎంత గుండె ధైర్యం ఉన్నవాడైనా ఉలిక్కిపడి పట్టు తప్పుతాడు. పక్క ఓడకి కూడా కబురు వెళ్లాలి. నీ ఓడలో అన్నీ ఆపేసి పక్క ఓడ రాడార్ నీ మీదికి తిరిగితే ఏం లాభం? మనిషి పైనున్నాడని తెలిపే జెండా ఎగరేసేది వాళ్లకోసమే.

కాబట్టి చీటీ మీద ఉన్న ఒక్కో సంతకం ఒక్కో గది తలుపు మూసినట్టు. సంతకంతో సరిపెట్టుకోకు. స్విచ్ ఆపాక ట్యాగ్ కట్టించు. తాళం వేసే వీలుంటే వేయించి, తాళం చెవి పని అయ్యేదాకా నీ జేబులో పెట్టుకో. ఆపాక ఒకసారి ఆన్ చేసి చూడమను, రాకపోతేనే ఆగినట్టు లెక్క. ఫోన్లో "ఆపేశాం, ఎక్కు" అంటే ఎక్కకు. మైకులో "మాస్ట్ మీద మనిషి ఉన్నాడు, ఏ యాంటెన్నానీ తిప్పకండి, ఏ ప్రసారమూ చేయకండి" అని చెప్పాకే మొదటి మెట్టు మీద కాలు పెట్టు. అమెరికా ఓడల్లో ఆ మాట 15 నిమిషాలకోసారి మళ్లీ చెప్తారు. వినీ వినీ విసుగొస్తుంది, నాకు తెలుసు. కానీ ప్రతి 15 నిమిషాల్లోనూ ఎవడో ఒకడు నిద్ర లేచి డ్యూటీకి వస్తూనే ఉంటాడు. ఆ ప్రకటన వాడికోసం.

నా హెల్మెట్ మీద ఆ గీత రిటైరయ్యేదాకా అలాగే ఉంది. కొత్త కుర్రాళ్లు చీటీ మీద సణిగినప్పుడల్లా హెల్మెట్ తీసి వాళ్ల చేతిలో పెట్టేవాణ్ణి.

ప్రశ్న: మా స్టోర్‌లో హార్నెస్‌లు అందరం మార్చి మార్చి వాడతాం. నాకిచ్చింది బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి? పైగా అవన్నీ నాకు కాస్త వదులుగా ఉంటాయి. — ఒక మహిళా సెయిలర్

చెల్లీ, ఇచ్చినవాళ్లు చెక్ చేసే ఉంటారని అనుకోకుండా అడిగావు, మంచి పని చేశావు. ఎవరు చెక్ చేసినా వేసుకునేవాళ్లు మళ్లీ చేయాలి.

వెలుతురులో కూర్చో. పట్టీని రెండు చేతులతో జానెడు దూరంలో పట్టుకుని, మధ్యలో పైకి ఉబికేలా విల్లులా వంచు. చదునుగా ఉన్నప్పుడు దాక్కున్న కోతలు, లేచిన పోగులు ఆ వంపు మీద బయటపడతాయి. వంచుతూ, బొటనవేలితో తడుముతూ, జానెడు జానెడు జరుపుతూ పట్టీ మొత్తం చూడు. రెండో వైపు కూడా చూడు. ఎక్కడైనా గట్టిగా, అట్టలా తగిలితే ఆగిపో. అది పెయింటో, థిన్నరో, వేడో తగిలిన చోటు. పైకి మరకలాగే ఉంటుంది, లోపల నూలు చచ్చిపోయి ఉండొచ్చు. రంగు బాగా వెలిసిపోయిందంటే ఎండ దాన్ని తినేసింది. తర్వాత కుట్లు చూడు. ఒక్క కుట్టు తెగినా ఆ హార్నెస్ పక్కన పెట్టెయ్. కొన్నిటిలో కావాలనే మడిచి కుట్టిన మడత ఉంటుంది, పడిపోయిన కుదుపుకి అది విడిపోతుంది. అది విడిపోయి కనిపించిందంటే ఆ హార్నెస్ ఒకసారి ఒకరి ప్రాణం కాపాడేసిందని అర్థం. మళ్లీ వాడకూడదు. కొక్కెం నాలుక వదలగానే దానంతట అది టక్కున మూసుకోవాలి. ఉప్పు పట్టి సగంలో ఆగే కొక్కేలు నేను లెక్కలేనన్ని చూశాను. అందుకే పని అయ్యాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరేయాలి.

వదులు సంగతి తేలిగ్గా తీసుకోకు. తొడ పట్టీ కింద అరచెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. వీపు మీద రింగు రెండు భుజపుటెముకల మధ్య ఉండాలి. ఛాతీ పట్టీ ఛాతీ మధ్యలో ఉండాలి. అది పైకి జారి ఉంటే పడ్డప్పుడు గొంతుకి వస్తుంది. సైజు సరిపోకపోతే రాతపూర్వకంగా అడుగు. నీ సైజు తెప్పించడం వాళ్ల బాధ్యత, వచ్చేదాకా ఎక్కనని చెప్పడం నీ హక్కు.

నడుముకి మాత్రమే కట్టుకునే పాత బెల్టు ఎవరైనా ఇస్తే తీసుకోకు. పడేవాణ్ణి ఆపడానికి అలాంటి బెల్టు వాడకూడదని అమెరికాలో 1998 జనవరి 1 నుంచే నిషేధించారు. కుదుపంతా కడుపు మీద, వెన్ను మీద పడుతుంది.

ప్రశ్న: 4 మీటర్ల ఎత్తున పని. 1.8 మీటర్ల తాడు, షాక్ తగ్గించే ప్యాక్‌తో తగిలించుకుంటున్నాను. సరిపోతుందా? — ఒక టెక్నీషియన్

సరిపోదు. తాడు కాళ్ల దగ్గర తగిలించి ఉంటే ఇంకా ఘోరం. తగిలించిన చోటు కింద తాడు 1.8 మీటర్లు. ప్యాక్ చిరిగి సాగడం రకాన్ని బట్టి ఒక మీటరు నుంచి 1.75 మీటర్ల దాకా. వీపు రింగు నుంచి పాదాల దాకా మనిషి ఒకటిన్నర మీటర్లు. కాస్త మిగులు ఒక మీటరు. కూడితే 5 నుంచి 6 మీటర్లు. నీ కింద ఉన్నది 4. తాడు నిన్ను ఆపేలోపే డెక్ ఆపుతుంది. తల పైన తగిలించే చోటు వెతుకు, తనంతట తాను చుట్టుకుని, లాగగానే పట్టేసే రకం అడుగు.

ప్రశ్న: మనవాడు పడి హార్నెస్‌లో వేలాడుతున్నాడనుకోండి. ప్రాణానికి ఢోకా లేదు కాబట్టి డాక్టరు వచ్చేదాకా ఆగొచ్చా? — ఒక సూపర్‌వైజర్

ఆగకూడదండీ. ఈ ఒక్క విషయంలో చాలామంది అనుభవజ్ఞులు కూడా పొరపాటు పడతారు.

కదలకుండా నిలువుగా వేలాడుతున్నవాడి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. నిలబడి ఉన్నప్పుడు మన పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. వేలాడేవాడికి ఆనుకోవడానికి ఏమీ ఉండదు, ఆ కండరాలు పనిచేయవు. గుండెకి, మెదడుకి రక్తం తగ్గి స్పృహ పోవచ్చు, అది కొద్ది నిమిషాల్లోనే జరగొచ్చు. దెబ్బ తగిలి ముందే స్పృహ తప్పినవాడైతే ఇంకా త్వరగా. స్పృహలో ఉంటే కాళ్లు ఆడిస్తూ ఉండమని, పాదం పెట్టుకునే పట్టీ ఉంటే దాని మీద నిలబడమని కేకేసి చెప్పండి. ఈలోగా దించాలి.

దించడానికి తాడు, కప్పీ, వాటిని వాడటం వచ్చిన ఇద్దరు మనుషులు పని మొదలయ్యేనాటికే మాస్ట్ కింద ఉండాలి. స్టోర్ తాళం చెవి ఎక్కడుందో వెతికే టైము అప్పుడుండదు. నేను బోసన్‌గా ఉన్నప్పుడు ఒక ఇసుక మూటకి హార్నెస్ తొడిగి వేలాడదీసి, దించమని గడియారం పెట్టేవాణ్ణి. మొదటిసారి మావాళ్లకి 26 నిమిషాలు పట్టింది. ఆ రోజు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఐదోసారికి 7 నిమిషాలకి వచ్చారు.

దించాక పడుకోబెట్టొద్దు, అరగంట కూర్చోబెట్టాలి అని ఒక పాత సలహా ఉండేది. దానికి ఆధారం లేదని బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ 2009లో చేయించిన సమీక్షలో తేలింది. మామూలు ప్రథమ చికిత్సే చేయండి. స్పృహ, ఊపిరి చూడండి, పడుకోబెట్టండి, వెంటనే డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: ఓడ పక్కన పలక వేలాడదీసుకుని రంగు వేస్తాం. కింద నీళ్లే కదా, హార్నెస్ ఎందుకు? — ఒక పెయింటర్

నీళ్లలో పడేలోపు ఓడ అంచుకో, పక్కనున్న తెప్పకో, గట్టు రాయికో తగలొచ్చు. తగిలి స్పృహ పోతే ఈత వచ్చినా రానట్టే. హార్నెస్, లైఫ్ జాకెట్ రెండూ కావాలి. మీ లైఫ్ లైన్, అంటే హార్నెస్ తాడు, పలక తాళ్లకి కట్టకండి, డెక్ మీద వేరే గట్టి చోట కట్టండి. పలక తెగితే దాంతోపాటు మీరూ పోకూడదు. ప్రొపెల్లర్ తిప్పకుండా, మీ తల మీదికి వేడి నీళ్లు వదలకుండా ఇంజిన్ రూముకి ట్యాగ్ ఉండాలి. పైన డెక్ మీద ఒక మనిషి మిమ్మల్నే చూస్తూ, పక్కన లైఫ్ బోయ్ (నీళ్లలో పడ్డవాళ్లకి విసిరే తేలే చక్రం) పెట్టుకుని ఉండాలి.

ప్రశ్న: "మా రోజుల్లో ఈ పట్టీలేవీ లేవు, ఒక చెయ్యి ఓడకి, ఒక చెయ్యి నీకు అంతే" అంటారు మా సీనియర్. నాకేమో ఎత్తంటే భయం. చెప్పుకుంటే చిన్నచూపు చూస్తారేమో. — పేరు వద్దన్న పాఠకుడు

ఆ మాట తెరచాపల కాలం నుంచి ఉంది, అందులో నిజమూ ఉంది. నిచ్చెన మీద రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ ఆని ఉండాలని నేటికీ నేర్పుతాం. చేతిలో సామాను పట్టుకుని ఎక్కొద్దు, అది తాడు కట్టిన సంచిలో పైకి రావాలి. కానీ చెయ్యి అలసిపోతుంది, చెమట పడుతుంది, ఉలిక్కిపడుతుంది. పట్టీ అలసిపోదు.

పాత రోజుల ధైర్యాన్ని నేను తక్కువ చేయను. ఇంగ్లండులో షాట్లీ దగ్గర హెచ్‌ఎంఎస్ గాంజెస్ అనే శిక్షణ కేంద్రంలో 143 అడుగుల మాస్ట్ చిట్టచివర, పళ్లెమంత చెక్క మీద ఒక కుర్రాడు నిటారుగా నిలబడి సెల్యూట్ చేసేవాడు. ఆ కేంద్రం 1976లో మూతపడింది. ఆ కుర్రాళ్లకి కూడా కింద వల కట్టి ఉండేది.

భయం ఉంటే ఎక్కే ముందే చెప్పు తమ్ముడూ. పైకి వెళ్లాక కాళ్లు బిగుసుకుపోయినవాణ్ణి దించడానికి ఇద్దరు ఎక్కాలి. ఆ రోజు ఒంట్లో బాగోలేకపోయినా, తల తిరుగుతున్నా, నిద్రమత్తు మందు వేసుకున్నా చెప్పు. నా దగ్గరికి వచ్చి అలా చెప్పినవాణ్ణి నేను కిందే కాపలా నిలబెట్టాను. వాళ్లంత శ్రద్ధగా పైకి చూసేవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు.

ప్రశ్న: పని అయిపోయి కిందికి దిగాక ఇంకేమైనా చేయాలా? — ఒక ట్రైనీ

చేయాలి. ముందు సామాను లెక్కపెట్టు. ఎక్కేముందు రాసుకున్న జాబితా తీసి ఒక్కోటి చూడు. ప్రతి స్పానర్‌కీ తాడు కట్టే పంపిస్తాం, అయినా లెక్క తప్పదు. కిలో బరువున్న స్పానర్ 20 మీటర్ల నుంచి పడితే డెక్‌కి చేరేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. పైన మరిచిపోయింది ఇవాళ పడకపోవచ్చు, ఓడ ఊగిన రోజు పడుతుంది. ఒకటి తగ్గితే మళ్లీ ఎక్కి తేవాల్సిందే, అప్పటిదాకా ఎవరూ రాకుండా కింద కట్టిన అడ్డతాడు తీయొద్దు.

లెక్క సరిపోయాక డ్యూటీ ఆఫీసర్ దగ్గరికి నువ్వే వెళ్లి, ఎక్కినవాళ్లందరూ దిగారని చెప్పు. ఇద్దరు ఎక్కితే ఇద్దరూ ఆయన ముందు కనపడాలి. ఆయన మైకులో "మాస్ట్ మీద మనుషులు దిగారు" అని చెప్పిస్తాడు, జెండా దింపిస్తాడు. ఆ తర్వాత ప్రతి ట్యాగ్‌నీ కట్టినవాడే విప్పాలి. నీ జేబులో ఉన్న రాడార్ గది తాళం చెవి అప్పుడు వెనక్కి ఇవ్వు.